మడచి సంచిలో నుంచుకొను వానకోటు



మృగశిర కార్తె దగ్గరపడగానే హైదరాబాదు పాతబస్తీలో మదీనా మొదలుకొని పత్తర్‌గట్టి వఱకు కాలిబాటలపై త్రాళ్లు కట్టి, పసుపు, నీలము, నలుపు రంగుల వానకోట్లను వ్రేలాడదీయుదురు. ఇచ్చటివారు దీనిని ‘బర్సాతీ’ యందురు. పల్లెల నుండి ఆసుపత్రి పనిమీదనో, హైకోర్టు వ్యాజ్యము మీదనో వచ్చి ఇమ్లీబన్‌లో బస్సు దిగు పెద్దలు పలువురు తిరుగు ప్రయాణమున ఒకటి కొనుకొని పోవుట నేను ఏటేట చూచుచునే యున్నాను. వారిలో సగముమంది కొనునది వానకోటు కాదు, గాలికోటు. అందుచేత ఈనాడు ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. తడిసిన బట్టలతో మూడు నాలుగు గంటలు బస్సులో కూర్చుండుట పాతికేండ్ల యువకునకు ఆట. డెబ్బదియేండ్ల వృద్ధునకు అది ఒడలిలోని వేడిని హరించు పని. చంకలోని పట్టా కాగితములు, వైద్యుని చీటీలు తడిసిన కష్టము వేఱు.

మన తెలంగాణమున వానకు తొలి కవచము గొంగడి. దక్కను గొఱ్ఱెల ఉన్నితో కురుమలు నేయు ఈ కంబళి తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోచదు. తడిసిన పిమ్మటను వెచ్చదనము నిచ్చును. మంద వెంట నిలిచియుండు కాపరికి దానిని మించినది నేటికిని లేదని నా యభిప్రాయము. కాని బస్సెక్కువాడు దానిని మోయజాలడు. సీమలో గ్లాస్గో పట్టణవాసి ఛార్లెస్ మాకింటాష్ 1823లో రెండు బట్టల నడుమ కరగించిన రబ్బరు పూసి నీరు చొరని గుడ్డను చేసెను. అది చలికి బిఱుసెక్కి, ఎండకు అంటుకొనెడిది. గుడ్‌ఇయర్ అను అమెరికావాసి రబ్బరును గంధకముతో కాచి పదును పెట్టు విధానమునకు 1844లో హక్కుపత్రము పొందిన పిమ్మట ఆ దోషము చాలవఱకు తీరినది. మన దేశమున సురేంద్రమోహన్ బోస్ 1920లో స్థాపించిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వారి ‘డక్‌బాక్’ కోట్లు మన తండ్రుల తరమువారికి చిరపరిచితములు. అవి దృఢమైనవే, కాని మడచిన చిన్న మూటయంత యగును.

1935లో కరోథర్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నైలానును కనుగొనుటతో బట్ట పలుచనై తేలికయైనది. 1965లో పారిస్ నగరమున డ్యుహామెల్ అను నాతడు తన జేబులోనికే తాను మడిగిపోవు నైలాను వానచొక్కాను బజారునకు తెచ్చెను. నేడు మన కాలిబాటలపై అమ్ముడగు చేతిసంచిలో నిముడు కోట్లన్నియు దాని సంతతియే యనవచ్చును. ఇట్టివి సాధారణముగా పావుకిలో నుండి నలువది తులముల లోపు తూగును.

ఇక ఎంచుకొను విధము. మొదట గాలికోటును, వానకోటును వేఱుపఱుపవలెను. గాలికోటు దగ్గరగా నేసిన బట్ట మాత్రమే. పది నిమిషముల జల్లుకు ఓర్చును, అంతే. చీటీపై ‘వాటర్ రెసిస్టెంట్’ అని యున్నచో అది యీ జాతిదని తలపవలెను. ‘వాటర్‌ప్రూఫ్’ అను దానికి బట్ట లోపలివైపున పాలియురిథేను అను పూత యుండును. పరీక్ష సులభము. బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదుడు. ఊపిరి ఆవలికి పోయినచో పూత లేదు. కొందఱు దుకాణదారులు బట్టపై నీటిచుక్క వేసి అది ముత్యమువలె దొరలుటను చూపి మెప్పింతురు. దానిని నమ్మరాదు. ఆ దొరలుట బాతు ఈకపై నీరు నిలువనట్లు పైకి పూసిన మందు చేయు పని. కొన్ని ఉతుకులలో అది తఱిగిపోవును, లోపలి పూతతో దానికి సంబంధము లేదు. పైగా ఆ మందులలో పెక్కింటిలో నుండు ఫ్లోరిను పదార్థములు మట్టిలోను నీటిలోను ఎన్నాళ్లకును నశింపవని తేలుటచే తయారీదార్లు క్రమముగా వానిని విడనాడుచున్నారు.

మంచి కోటు చీటీపై మిల్లీమీటర్లలో ఒక అంకె యుండును. బట్టపై నీటిస్తంభమును నిలిపి, ఎంత ఎత్తునకు నీరు క్రిందికి కారునో కొలిచిన లెక్క అది. 1,500 అనగా మనిషి ఱొమ్మెత్తు స్తంభమునకు ఓర్చినదని యర్థము. 10,000 అనగా ఇంచుమించు మూడంతస్తుల మేడయంత. కాలినడకను పోవు పెద్దలకు రెండు మూడు వేలు చాలును. మోటారుసైకిలుపై పోవు కుమారునకు ఐదువేలకు తగ్గినది కొనవలదు. వేగముగా ముందుకు పోవువానికి చినుకు బాణమువలె తగులును. వీపున సంచి తగిలించుకొనువానికిని ఇదే మాట, పట్టీలు ఒత్తినచోట నీరు త్వరగా లోపలికి దిగును.

అంకెకన్న ముఖ్యమైనది కుట్టు. సూది దిగిన ప్రతిచోటను ఒక బెజ్జము. ఆ బెజ్జముల వెంట లోపలివైపున సన్నని పట్టీ వేడితో అతికింపబడి యుండవలెను. కోటును తిరుగవేసి భుజములు, చంకలు, టోపీ కుట్టులు చూడుడు. ‘సిలాయీ పే టేప్ హై క్యా?’ అని యొక్క మాట యడిగిన చాలును, దుకాణదారుడు మీరు తెలిసినవారని గ్రహించి లోపలి మూటనుండి వేఱొకటి తీయును. ఇది నేను పలుమారులు కన్న వింత. చేతులు పొడవని దర్జీకి ఇచ్చి కత్తిరింపింపకుడు. అతని సూది క్రొత్త బెజ్జములు చేయును.

బట్ట మందమును డెనియరులలో చెప్పుదురు. తొమ్మిదివేల మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అదియే డెనియరు. ఇరువది డెనియరుల కోటు గుప్పిటిలో ఇముడును గాని తుమ్మముల్లు తగిలిన బారెడు చిరుగును. పొలముగట్ల నడచువారికి నలువది నుండి డెబ్బది వఱకు నున్నది మేలు. బట్టలో సన్నని గళ్లు కనబడినచో ఇంకను మంచిది. లావు దారముతో నేసిన ఆ గళ్లయొద్ద చిరుగు ఆగిపోవును.

కొందఱు నగరవాసులు చెమటను వెలికి పంపు పొరగల కోట్లకై అధికధనము వెచ్చింతురు. 1969లో బాబ్ గోర్ అను అమెరికావాసి టెఫ్లానును సాగదీసి, నీటిబొట్టుకన్న వేలకొలది రెట్లు చిన్నవియు, ఆవిరికి మాత్రము చాలునవియు నగు రంధ్రముల పొరను సాధించెను. అద్భుతమైన వస్తువే. కాని అది లోపల వెచ్చగను, వెలుపల చల్లగను పొడిగను నున్నపుడే బాగుగ పనిచేయును. మన శ్రావణమాసపు ఉక్కలో వెలుపలి గాలియే తేమతో నిండియుండగా లోని ఆవిరి ఎచ్చటికి పోవును? ఆ ధనముతో చంకలక్రింద గాలిబారులును, లోపల వలబట్టయును గల సామాన్యపు కోటు కొని, మిగిలినదానితో వానలాగు కొనుట వివేకము.

కొలత విషయమున ఒక సైజు పెద్దది తీసికొనుడు. జుబ్బా పైని, కండువా పైని అది పట్టవలెను. పంచె కట్టువారికి తొడల సగము వఱకు దిగవలెను. తలపాగాతో టోపీ తొడిగి, తల ఇరుప్రక్కల త్రిప్పి చూడుడు. కన్నులకు టోపీ అడ్డమైనచో రోడ్డు దాటుట ప్రాణాంతకము. నలుపు వలదు, పసుపో నారింజయో మేలు. చీకటి వానలో లారీవానికి మీరు కనబడవలెను. వెనుకకు ఎగురు వదులు పొడవుకోట్లు, కప్పులు మోటారుసైకిలు చక్రములో చిక్కుకొనును గాన బండికి ఎన్నడును పనికిరావు.

ఒక హెచ్చరిక చెప్పకతప్పదు. ఈ కోటు వానకు మాత్రమే అడ్డము. రాత్రి వానలో మోటారు స్టార్టరు ముట్టుటకు పోవువానిని విద్యుత్తునుండి ఇది కాపాడదు, పిడుగునుండియు కాపాడదు. వరదనుండి అసలే కాపాడదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరమున వేలమందిని పొట్టన బెట్టుకొన్న నాడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరని చెప్పుదురు. 2020 అక్టోబరులో ఫలక్‌నుమా ప్రాంతపు వీథులు ఏరులైనపుడును పారు నీటిలో కొందఱు కొట్టుకొనిపోయిరి. కోటున్నదని వాగు దాటవలదు.

కొన్న పిమ్మట దానిని తడిగా మడచి పెట్టకుడు. ఇంటికి రాగానే నీడలో ఆరవేయుడు. తేమయు వేడియు కూడినచో లోపలి పూత జిగురై, పులిసిన వాసన కొట్టి, పొట్టువలె రాలును; దానికి మరమ్మతు లేదు. దుకాణములో నిరుటి సరకు నిచ్చినచో మడత విప్పి వాసన చూచిన ఈ సంగతి తెలిసిపోవును. ఉతుకునపుడు చాకిసోడా, బ్లీచింగు వలదు. గోరువెచ్చని నీరు, కొద్దిపాటి సబ్బు చాలును. పూతవైపున ఇస్త్రీ తగులనీయరాదు. వానకాలము ముగిసిన పిదప దాని చిన్న సంచిలో కుక్కియుంచక, చిలుకకొయ్యకు వదులుగా వ్రేలాడదీయుడు.