ఫోన్ జేబులో పెట్టాకే జాజ్ వినిపించింది: ఎల్పీ రికార్డుల నుంచి లైవ్ షో దాకా

నేను ఏ ఫోన్ రివ్యూ చేసినా ఆడియో రికార్డింగ్ టెస్ట్ ఒకటి పెడతానని ఈ సైట్ రెగ్యులర్‌గా చదివేవాళ్లకు తెలుసు. ట్రాఫిక్‌లో ఒక క్లిప్, గదిలో మాట్లాడుతూ ఒక క్లిప్, ఎక్కడైనా లైవ్ మ్యూజిక్ దొరికితే ఒక క్లిప్. ఆ మూడో క్లిప్ వల్లే నేను జాజ్ రికార్డుల పిచ్చిలో పడ్డాను. దాని వల్లే మళ్లీ రాని ఒక సాయంత్రాన్ని పోగొట్టుకున్నాను కూడా. ఈసారి రాస్తున్నది ఫోన్ రివ్యూ కాదు, ఆ కథ. రికార్డులు కొనాలనుకునేవాళ్లకు పనికొచ్చే టిప్స్ కూడా ఇందులోనే ఉన్నాయి.

ఆ క్లిప్‌లో బేస్ లేదు

కొన్నేళ్ల కిందట న్యూజెర్సీలో ఉద్యోగం చేసేవాణ్ని. మా ఆఫీసులో తెనాలి నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నాడు. మా అపార్ట్‌మెంట్ దగ్గర ఒక చిన్న రెస్టారెంట్‌లో గురువారం రాత్రులు జాజ్ ట్రియో వాయించేది. పియానో, డ్రమ్స్, మనిషికన్నా ఎత్తుండే డబుల్ బేస్. "ఒకసారి రారా, మన తని ఆవర్తనం లాంటిది వీళ్లకీ ఉంది" అని అన్న నన్ను తీసుకెళ్లాడు.

బేస్ వాయించేది డెబ్బై దాటిన పెద్దాయన. మధ్యలో పియానో ఆగింది, డ్రమ్స్ ఆగాయి. ఆయన ఒక్కడే నాలుగు నిమిషాల పాటు వాయించాడు. అప్పుడు నేనేం చేస్తున్నాను? రివ్యూకి వచ్చిన ఫోన్ ఎత్తి పట్టుకుని ఎక్స్‌పోజర్ సరిచేసుకుంటున్నాను.

బయటికొచ్చాక అన్న అడిగాడు, ఎలా ఉందని. "సూపర్ అన్నా, మొత్తం తీశాను."

"తీశావు సరే, విన్నావా?"

నవ్వేసి ఊరుకున్నాను.

తర్వాత పనిలో పడి నాలుగు నెలలు అటు వెళ్లలేదు. మళ్లీ వెళ్లేసరికి బేస్ దగ్గర ఎవరో కుర్రాడు నిలబడి ఉన్నాడు. పెద్దాయన చనిపోయారని వెయిటర్ చెప్పాడు. ఇంటికొచ్చి ఆ క్లిప్ వెతికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ప్లేట్ల చప్పుడు ఉంది, పక్క టేబుల్ వాళ్ల నవ్వులు ఉన్నాయి. బేస్ మాత్రం దూరంగా ఎవరో తలుపు కొడుతున్నట్టు ఉంది, అంతే.

కారణం టెక్నికలే. డబుల్ బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ మైక్ ప్రాసెసింగ్‌ని ఎక్కువగా మనిషి మాట కోసం ట్యూన్ చేస్తారు. గాలి హోరు రాకుండా కింది ఫ్రీక్వెన్సీలను తగ్గించేస్తుంది. డ్రమ్ గట్టిగా పడితే ఆటో గెయిన్ మొత్తం సౌండ్‌ని కిందికి లాగుతుంది. సింబల్ మీద బ్రష్ నడిపిస్తే వచ్చే 'స్స్' శబ్దాన్ని నాయిస్ రిడక్షన్ నిజంగానే నాయిస్ అనుకుంటుంది. ఫోన్‌ని తిట్టి లాభం లేదు, దాని పని అది చేసింది. నా చెవులు కూడా ఆ రోజు వాటి పని చేసి ఉంటే కనీసం జ్ఞాపకమైనా మిగిలేది. నాకు గుర్తున్నది స్క్రీన్ ఒక్కటే.

ఒక ఆదివారం, ఐదు సెట్లు

ఈ సంగతి చెప్తే అన్న ఏం అనలేదు. వాళ్లింటికి తీసుకెళ్లి ఒక ఎల్పీ పెట్టాడు. బిల్ ఎవాన్స్ ట్రియో, 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్'.

1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్. పియానో బిల్ ఎవాన్స్, బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. మధ్యాహ్నం, సాయంత్రం కలిపి ఐదు సెట్లు వాయించారు. రివర్‌సైడ్ కంపెనీ వాటిని టేప్ చేసింది. మొదటి పాట నడుస్తుండగా కరెంటు సమస్య వచ్చి టేపులో కాసేపు ఖాళీ కూడా పడింది. రికార్డు వింటుంటే గ్లాసుల గలగల, జనం గుసగుసలు స్పష్టంగా వినిపిస్తాయి. కొందరు అసలు సంగీతం పట్టించుకోకుండా కబుర్లు చెప్పుకుంటున్నారని కూడా తెలిసిపోతుంది. వాళ్లని తిట్టుకునే హక్కు నాకు లేదనిపించింది.

సరిగ్గా 11 రోజులకు, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 25. బేస్ అంటే వెనకాల తాళం పట్టుకుని నిలబడేది మాత్రమే కాదు, పియానోతో సమానంగా సంభాషించగలదు అని చూపించినవాడు. ఆ ఆదివారం టేపు తిరగకపోయి ఉంటే ఆ ముగ్గురి మధ్య ఆ రోజు నడిచిన మాటామంతీ ఎవరికీ దక్కేది కాదు. అదే రోజు టేపుల నుంచి 'వాల్ట్జ్ ఫర్ డెబీ' అనే రెండో ఆల్బమ్ కూడా వచ్చింది.

కాబట్టి రికార్డ్ చేయడం తప్పు కాదు. అక్కడ రికార్డ్ చేసేవాళ్లు వేరు, వినేవాళ్లు వేరు. నేను రెండు పనులూ ఒక్కణ్నే చేయబోయి రెండూ చెడగొట్టుకున్నాను.

మరి వినైల్ సౌండ్ నిజంగా గొప్పదా?

గ్యాడ్జెట్ సైట్ కాబట్టి సూటిగా చెప్పేస్తాను. కొలతల లెక్కన సీడీ, లాస్‌లెస్ స్ట్రీమింగే బెటర్. నాయిస్ తక్కువ, స్పీడ్ తేడా ఉండదు, దుమ్ముతో గొడవ లేదు.

స్పీడ్ అంటే గుర్తొచ్చింది. జాజ్‌లో అందరూ ముందుగా కొనే ఎల్పీ మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2, ఏప్రిల్ 22 తేదీల్లో రికార్డ్ చేశారు. మార్చి సెషన్‌లో మెయిన్ టేప్ మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో ప్లే చేసినప్పుడు మొదటి సైడ్‌లోని మూడు పాటలూ ఉండాల్సిన శృతి కన్నా కాస్త పైకి వినిపించాయి. 1990లలో వచ్చిన ఎడిషన్లలోగానీ ఆ తప్పు సరికాలేదు. అంటే మూడు దశాబ్దాలకు పైగా జనం తప్పు స్పీడ్‌లోనే విని, ప్రేమించారు.

నాకు నచ్చిన ఇంకో విషయం. ఎల్పీ గాడి కోసేటప్పుడు కూడా బేస్ తగ్గిస్తారు, లేకపోతే గాడి మరీ వెడల్పై ఒక సైడ్‌లో పాటలు పట్టవు. కానీ ఎంత తగ్గించాలో ఒక స్టాండర్డ్ లెక్క ఉంది. దాని పేరు ఆర్ఐఏఏ కర్వ్. ఇంట్లో ఉండే ఫోనో ప్రీయాంప్ అదే లెక్కలో బేస్‌ని తిరిగి పెంచుతుంది. నా ఫోన్ కోసేసిన బేస్‌కి అలాంటి లెక్క లేదు. పోయింది పోయినట్టే.

ఇన్ని చెప్పి కూడా రికార్డులే ఎందుకు కొంటున్నానంటే, ఒక సైడ్ సుమారు 20 నిమిషాలు. స్కిప్ బటన్ లేదు, నోటిఫికేషన్ రాదు. కూర్చుని వినడం నాకు మళ్లీ నేర్పింది అదే.

కొనేముందు ఇవి చూడండి

టర్న్‌టేబుల్: సూట్‌కేస్ టైప్ చవక ప్లేయర్లలో చాలావాటికి సూది బరువు సరిచేసే ఏర్పాటు ఉండదు. రికార్డు త్వరగా అరుగుతుంది. బరువు అడ్జస్ట్ చేసుకునే టోన్‌ఆర్మ్ ఉన్నది తీసుకోండి. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లకు 2 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది, కంపెనీ చెప్పిన అంకె చూసి పెట్టండి.

ప్రీయాంప్: టర్న్‌టేబుల్‌లోనే ఉందో లేదో ముందే కనుక్కోండి. అది లేకుండా స్పీకర్‌కి కలిపితే సౌండ్ పీలగా వస్తుంది.

పాత ప్రెస్సింగ్‌లు: బ్లూ నోట్ కంపెనీ పాత ఎల్పీల్లో లేబుల్ పక్కన పాటలు లేని నున్నటి భాగం చూడండి. ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ గుర్తుగా ఆర్‌వీజీ అక్షరాలో, ఆయన పేరో ఉంటుంది. 1966 వరకు ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీలో ముద్రించిన వాటికి చెవి ఆకారంలో చిన్న గుర్తు కూడా ఉంటుంది. ఇలాంటి ఒరిజినల్స్ బాగా ఖరీదు. వినడం కోసమైతే బ్లూ నోట్ 'టోన్ పోయెట్' సిరీస్ లాంటి కొత్త ప్రెస్సింగ్‌లు చాలు.

గ్రేడింగ్: ఆన్‌లైన్‌లో వీజీ ప్లస్ అని రాసిన ఒక ఎల్పీ తెప్పించుకుంటే పకోడీలు వేయించినట్టు చిటపటలు. వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి, ప్లే చేసి చూశారా అని కూడా అడగండి.

చివరికి అక్కడికే వెళ్లాం

ఇండియాకి తిరిగొచ్చే ముందు ఒక సోమవారం అన్నా నేనూ విలేజ్ వాన్‌గార్డ్‌కి వెళ్లాం. 1935లో మాక్స్ గోర్డన్ పెట్టిన క్లబ్ అది. సెవెన్త్ అవెన్యూ సౌత్‌లో, మెట్లు దిగి వెళ్లే బేస్‌మెంట్. సోమవారం రాత్రులు అక్కడ బిగ్ బ్యాండ్ వాయిస్తుంది, 1966లో మొదలైన ఆనవాయితీ. వాయిస్తున్నప్పుడు ఫొటోలు, వీడియోలు తీయకూడదు. నాలాంటివాడికి అంతకన్నా మంచి రూల్ లేదు.

అంత చిన్న గదిలో అన్ని బాకాలు ఒక్కసారి లేస్తే ఛాతీలో తెలుస్తుంది. కానీ నేను కళ్లు మూసుకుని వెతికింది మాత్రం బేస్ కోసమే. దొరికింది. మొదటి ఐదు నిమిషాలు చెయ్యి జేబు వైపు వెళ్లింది, తర్వాత మర్చిపోయాను.

జాజ్ మనకి దూరం అనుకుంటే ఒక దగ్గరి దారి చెప్తాను. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాగ్లిన్‌తో కలిసి 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' అనే లైవ్ ఆల్బమ్ ఉంది. శ్రీనివాస్ 2014లో వెళ్లిపోయారు. ముందు అది వినండి.

నా మూడో క్లిప్ టెస్ట్ ఇప్పటికీ ఉంది, కానీ ఒక్క నిమిషమే. తర్వాత ఫోన్ జేబులోకి. ఆ పాత క్లిప్ కూడా డిలీట్ చేయలేదు. దాన్ని ఎంత ఈక్వలైజ్ చేసినా ఆ పెద్దాయన వినపడడు.