బలప్రయోగము ఎంతవరకు?

దొంగతనము చేసినాడను అనుమానముపై ఒకనిని కానిస్టేబులు పట్టుకొనబోవగా, వాడు విదిలించుకొని రాయి ఎత్తినాడనుకొందము. అప్పుడు లాఠీ ఉపయోగించుట తప్పగునా? కాదనియే చట్టము చెప్పుచున్నది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 46వ సెక్షను 1973 కోడులో అదే సంఖ్యతో నిలిచి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 43వ సెక్షనైనది. అరెస్టును బలవంతముగా ఎదిరించువానిని పట్టుకొనుటకు అవసరమైన సాధనములన్నియు వాడవచ్చునని దాని భావము.

ఇందు 'అన్నియు' అను మాట అందరికిని వినబడును. 'అవసరమైన' అనునది మాత్రము చాలమంది చెవికి సోకదు. రాయి చేజారినది, మనిషి పట్టుబడినాడు. ఆ పిమ్మట పడిన దెబ్బకు ఆ సెక్షనులో చోటు లేదు. పారిపోకుండుటకు కావలసినంతకు మించి నిర్బంధింపరాదని అదే సంహితలోని 46వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. కానిస్టేబులుకు ఆలోచించుటకు క్షణమే దక్కునన్న మాటయు నిజమే. కాని మేము చెప్పుచున్నది ఆ క్షణము గడచిన తరువాతి దెబ్బను గూర్చి.

ఇక ప్రాణము మాట. మరణశిక్షగాని యావజ్జీవ శిక్షగాని పడదగిన నేరము మోపబడనివానిని చంపుటకు 43వ సెక్షను హక్కునీయదు. కావున అట్టి నేరము మోపబడినవానిని చంపవచ్చునని కొందరు తలక్రిందులుగా అర్థము తీయుదురు. మోపబడుట వేరు, రుజువగుట వేరు. పైగా 'అవసరము' అను షరతు అచ్చటను తొలగలేదు. పోలీసు కాల్పులలో ఎవరైన మరణించినచో స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణయు జరుగవలెనని సుప్రీంకోర్టు 2014లో నిర్దేశించినది. తుపాకి పేలిన వేళ ఆతని చేత ఆయుధమున్నదా, అప్పటికే నేలబడినదా అన్నది అచ్చట తేలవలెను.