ఉత్తరాలకు మార్కులు వేసే యంత్రం

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, తమ కొత్త కంప్యూటర్లను చూడ్డానికి రమ్మంటూ, ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపాడు. మొట్టమొదటి స్పామ్‌గా దాన్నే చెప్పుకుంటారు. ఇవాళ కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లు, ఎల్లారెడ్డిలో ఒక విత్తనాల దుకాణం సొంత వెబ్‌సైట్ పేరు మీద మెయిల్ పెట్టుకున్నా ఆ బెడద తప్పదు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్‌ను ఎన్నో సైట్లు పంచుకుంటాయి. ఎవరి మెయిల్‌బాక్స్‌కు ఎలాంటి కాపలా కావాలో వాళ్లే చెప్పుకోవాలి.

ఆ కాపలా కాసే తొలి ఫిల్టర్లకు తెలిసింది ఒక్కటే: ఫలానా మాట కనిపిస్తే ఆ మెయిల్‌ని పక్కన పెట్టడం. స్పెల్లింగ్ కాస్త మారిస్తే చాలు, అవి మోసపోయేవి. 1997లో మార్క్ జెఫ్టోవిచ్ రాసిన చిన్న ప్రోగ్రామ్‌కు మెరుగులు దిద్దుతూ వచ్చిన జస్టిన్ మేసన్, చివరికి దాన్ని మొదటినుంచీ తిరగరాసి 2001 ఏప్రిల్ 20న స్పామ్‌అసాసిన్ పేరుతో అందరికీ అందుబాటులో పెట్టాడు. అందులో ఏ ఒక్క ఆనవాలూ మెయిల్‌ని దోషిగా తేల్చదు. సబ్జెక్టంతా పెద్ద అక్షరాల్లో ఉంటే కొన్ని మార్కులు, పంపిన సర్వర్ బ్లాక్‌లిస్టులో ఉంటే మరికొన్ని. మంచి లక్షణం కనిపిస్తే మార్కులు తగ్గుతాయి. మొత్తం 5కు చేరితే స్పామ్ అని ముద్ర పడుతుంది. ఆ హద్దును మనం మార్చుకోవచ్చు. 2002లో పాల్ గ్రాహం వ్యాసంతో బేయస్ సంభావ్యత పద్ధతికి ప్రచారం వచ్చాక, మన మెయిల్ చూసి నేర్చుకునే శక్తి కూడా దీనికి అబ్బింది. కనీసం 200 చెడ్డ మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు చూపిస్తేగాని ఆ భాగం పని మొదలుపెట్టదు.

దీని పైన, హోస్టింగ్ ఖాతాను నడుపుకునే సీప్యానెల్‌లో మన సొంత నియమాలూ రాసుకోవచ్చు. జాగ్రత్త అవసరమైంది ఇక్కడే. అప్పు ఇస్తామనే మెయిళ్ల పోరు పడలేక సబ్జెక్టులో ‘రుణ’ ఉంటే తీసెయ్యమని రాశామనుకోండి. అరుణ, కరుణ, వరుణ్ పేర్లున్న మెయిళ్లూ వాటితోపాటే పోతాయి. ‘ఉంటే’ అన్న షరతు అక్షరాల వరుసనే చూస్తుంది, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దానికి పట్టదు.

తెలుగు సబ్జెక్టుకు మరో చిక్కుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. మెయిల్‌లో పంపేటప్పుడు అది మామూలుగా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో రాసే బేస్64 రూపం తొడుక్కుంటుంది: ‘అ’ కాస్తా ‘4ఎల్‌సీఎఫ్’ అనే నాలుగు గుర్తులవుతుంది. విదేశీ స్పామ్‌ని ఆపుదామని ముడి సబ్జెక్టులో యూటీఎఫ్-8 గుర్తు కనబడగానే తీసెయ్యమంటే, తెలుగులో రాసిన రైతు మెయిల్ కూడా చేరదు.

అందుకే నియమం ఎంత చక్కగా రాసినా దాని చివర ‘తొలగించు’ అని పెట్టొద్దు. వేరే ఫోల్డర్‌లో వెయ్యమని పెట్టండి. వారానికోసారి ఆ ఫోల్డర్ తెరిచి, పొరపాటున పడిన మంచి మెయిల్‌ని బయటికి తియ్యండి, ఏ నియమం దాన్ని పట్టిందో చూసి సరిదిద్దండి. పది చెత్త మెయిళ్లు లోపలికొస్తే పోయేది కాస్త సమయం. ధాన్యం బేరానికి వచ్చిన ఒక్క మెయిల్ మాయమైతే, అది పోయిందని కూడా మనకు తెలియదు.