ఒక్క పలక ఊడితే గోడంతా తట్టి చూడాలి

రెండంతస్తుల ఇంటి ముందు గోడకు, 6 మీటర్ల ఎత్తున అంటించిన గ్రానైట్ పలక ఊడిందనుకోండి. 1.1 సెకన్లలో నేలకు చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకు 39 కిలోమీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 10 కిలోలు తూగుతుంది. కింద గేటు దగ్గర పిల్లలు ఆడుకుంటుంటారు, కూరగాయల బండి ఆగుతుంది. అందుకే ఊడిన ఒక్కదానికి సిమెంటు రాసి మళ్లీ అంటించి ఊరుకోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

ముందు పలక వీపు చూడండి. మా వీధి గోడ నుంచి రాలిన పలక వెనక నాలుగంగుళాల సిమెంటు ఉండల ముద్రలు ఐదు కనిపించాయి. మూలకొకటి, నడుమ ఒకటి. ఐదూ కలిపి 63 చదరపు అంగుళాలు. పలక మొత్తం 288. అంటే గోడను పట్టుకున్నది 22 శాతమే! మిగతా ఖాళీ నిండా వాన చారలు, చీమలు పోసిన మట్టి. బయటి గోడకైతే కనీసం 95 శాతం అంటుకోవాలి.

పలక వీపు నున్నగా ఉండి సిమెంటంతా గోడకే మిగిలితే లోపం అతుకుదే. విట్రిఫైడ్ టైల్‌లో ఇది మామూలు. అది పీల్చే నీరు 0.5 శాతం మించదు, సిమెంటు పాలు దిగవు, పట్టు చిక్కదు. పలకతోపాటు ప్లాస్టరింగ్ పెచ్చులుగా వచ్చిందంటే జబ్బు గోడది. ఇటుక దాకా చెక్కి, 1:4 పాళ్లలో మళ్లీ ప్లాస్టరింగ్ చేసి, 7 రోజులు నీళ్లు కొట్టి, ఆరనివ్వాలి.

ఎండ సంగతీ చిన్నది కాదు. మే నెలలో పడమటి గోడ కాగి ఉండగా గాలివాన పడితే, 40 డిగ్రీల తేడాకు 10 మీటర్ల గ్రానైట్ వరుస 3 మిల్లీమీటర్లకు పైగా ముడుచుకుంటుంది. సందు లేకుండా పేర్చినవాటికి కదిలే చోటే ఉండదు. పలకల మధ్య 3 మిల్లీమీటర్లు వదిలి, గ్రౌట్ నింపాలి. అదీ అంటించిన 24 గంటల తర్వాతే.

అంటించడానికి టైల్ గమ్ బస్తా మీద ఐఎస్ 15477 గుర్తు, టైపు సంఖ్య చూడండి. టైపు 1 బయటి గోడకు పనికిరాదు. గోడకూ పలకకూ రెండింటికీ పూయించండి. ఎత్తున ఉండే రాతి పలకలకు గమ్ ఒక్కటే చాలదు, స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు కూడా బిగించాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో 316 రకం వాడాలి.

వీటన్నిటికంటే ముందు, పరంజా కట్టిన రోజే సుత్తి పిడితో ప్రతి పలకనూ తట్టించండి. డొల్లగా మోగినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టించి, ఆ పలకలన్నీ అదే విడతలో దించించండి.