మనుషులు కావాలన్న దేశంలో మన పిల్లలకు దారేది?

టోక్యో: ‘‘బాబాయ్, జపాన్‌లో కుర్రాళ్లే లేరట కదా! నేనొస్తే ఉద్యోగం గ్యారంటీయేనా?’’ మొన్న గుంటూరు నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి అడిగాడు. యూట్యూబ్‌లో చూశాడట. ‘‘జపనీస్ ఎంతవరకు వచ్చురా?’’ అన్నాను. కాసేపు అవతల నుంచి మాట లేదు.

వాడు విన్నదాంట్లో అబద్ధం లేదు. 2024లో జపాన్ జంటలకు పుట్టిన బిడ్డలు 6.86 లక్షలు. 1899లో లెక్కలు రాయడం మొదలయ్యాక ఏడు లక్షలకు దిగువకు పడటం ఇదే మొదటిసారి. 1949లో ఒక్క ఏడాదే దాదాపు 27 లక్షల మంది పుట్టిన దేశం ఇది. 2024లో ఒక్కో మహిళకు సగటున 1.15 మంది పిల్లలు. 65 దాటినవారు జనాభాలో 29 శాతం. పల్లెల్లో బడులు మూతపడుతున్నాయి. 2023 సర్వే ప్రకారం ఖాళీ ఇళ్లే 90 లక్షలు. మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటు 2019-21 సర్వేలోనే 1.7కు దిగింది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ఎత్తేశారు కూడా.

మరి ఇక్కడి యువత పరిస్థితి? ఉద్యోగం వరకు బాగుంది. డిగ్రీ పూర్తిచేసి కొలువు కోరుకున్నవారిలో 98 శాతం మందికి దొరుకుతోంది. చదువు అవ్వకముందే ఆఫర్ చేతిలో ఉంటుంది, ఏప్రిల్ ఒకటిన అందరూ ఒకేసారి చేరిపోతారు. ఏళ్ల తరబడి కదలని జీతాలూ కదిలాయి. 2024లో పెద్ద కంపెనీల సగటు పెంపు ఐదు శాతం దాటింది, 33 ఏళ్లలో మొదటిసారి. కానీ పింఛను చందా జీతంలో 18.3 శాతం. అందులో సగం కంపెనీది, సగం ఉద్యోగిది. పనిచేసే వయసువారు ఇద్దరుంటే ఒక వృద్ధుడు ఉన్నాడు. ఆ బరువు మోసేది ఈ కుర్రాళ్లే.

మా వాడి సంగతికొస్తే, 2019లో మొదలైన ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసా ఉంది. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, నిర్మాణం, హోటళ్లు ఇలా 2024లో 16 రంగాలయ్యాయి. 2024 నుంచి ఐదేళ్లలో 8.2 లక్షల మంది వరకు తీసుకోవాలన్నది అప్పట్లో ప్రభుత్వం వేసిన లెక్క. పని పరీక్షతో పాటు ఎన్4 స్థాయి భాష కావాలి. మొదటి రకం వీసాకు ఐదేళ్లే గడువు, భార్యాబిడ్డలను తెచ్చుకోవడానికి లేదు. సంరక్షణ పనికి వెళ్లినవాడు ఆ ఐదేళ్లలోపు జపనీస్‌లోనే జరిగే జాతీయ పరీక్ష పాసైతే వేరే వీసాకు మారి కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. ఏజెంట్లు ఐదేళ్ల జీతం లెక్క చెబుతారు గానీ ఈ పరీక్ష ఊసెత్తరు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం ఇక్కడే పెరుగుతున్న మన పిల్లల గురించి. 2000 ప్రాంతంలో ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు టోక్యోలో నిషికసాయ్ చుట్టూ స్థిరపడ్డారు. ఇండియన్ స్కూళ్లూ వచ్చాయి. సీబీఎస్‌ఈ చదివితే రేపు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లొచ్చని చాలామంది ధీమా. తప్పేం కాదు, మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఆ పిల్లల్లో చాలామంది పదేళ్లు ఇక్కడే ఉండి కూడా వార్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం చదవలేరు. పైగా ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల ఉద్యోగంపై వచ్చిన డిపెండెంట్ వీసాతో వారానికి 28 గంటలే, అదీ అనుమతి తీసుకుని పనిచేయాలి.

జపాన్ ప్రాథమిక పాఠశాల నుంచి హైస్కూల్ దాకా ఇక్కడి బడుల్లోనే చదివి ఉద్యోగం ఖాయం చేసుకున్న పిల్లలు దీర్ఘకాల నివాస హోదాకు మారవచ్చు. 18 ఏళ్లలోపు వచ్చి ఇక్కడి హైస్కూల్ పూర్తిచేసినవారికీ మరో దారి ఉంది. ఈ రెండింటికీ డిగ్రీ అక్కర్లేదు. ఈ సంగతి మా తెలుగు కుటుంబాల్లో చాలామందికి తెలియదు, మూడేళ్ల క్రితం దాకా మాకూ తెలియదు.

అప్పుడే మా అమ్మాయిని రెండో తరగతిలో పక్క వీధి బడికి మార్చాం. మొదటి ఏడాది కన్నీళ్లే. ప్రాథమిక పాఠశాల ముగిసేలోగా 1,026 కంజి అక్షరాలు నేర్వాలి. తనకు తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కోవడమే, ఆ లోటు మాకు తెలుస్తూనే ఉంది. విదేశీయులపై గొణుగుడూ పెరుగుతోంది. 2025 జులై ఎగువసభ ఎన్నికల్లో ‘ముందు జపనీయులు’ అన్న పార్టీకి 14 సీట్లొచ్చాయి. బడిలో మాత్రం ఇప్పటివరకు మా పిల్లకు ఇబ్బంది రాలేదు.

ఒక్క విషయం. విదేశీ పిల్లలకు ఇక్కడ నిర్బంధ విద్య వర్తించదు. ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు గానీ, చేర్చమని మనమే వార్డు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. బడులు ఏప్రిల్‌లో తెరుస్తారు. ఏడాది మధ్యలో అడిగినా చేర్చుకుంటారు, మా అమ్మాయి చేరింది అక్టోబర్‌లో.