దుకాణం లెక్క ఇంట్లో ఎవరికి తెలుసు?

గుంటూరులో మా అన్నయ్యకు వెల్డింగ్ షాపు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్స్, మెట్ల రెయిలింగులు, రేకుల షెడ్లు చేసేవారు. ఇద్దరు పనివాళ్లు, రెండు వెల్డింగ్ మెషిన్లు, ఒక కటింగ్ మెషిన్, ఒక కంప్రెసర్, సరుకు తోలడానికి ఒక టాటా ఏస్ బండి. ఇదీ ఆయన ఇరవై ఏళ్ల కష్టార్జితం. 2018లో ఒకరోజు తెల్లవారుజామున గుండెపోటు వచ్చి ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఖననం జరిగిన నాలుగో రోజున ఇనుము వ్యాపారి ఇంటికి వచ్చారు. మంచి మనిషి. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. చివరికి తలవంచుకుని, "అమ్మా, ఈ సమయంలో అడగకూడదు. కానీ లక్షా ఎనభై వేలు రావాలి" అన్నారు. వదిన మా వైపు చూశారు. మేము అన్నయ్య జేబు డైరీ తీశాము. అందులో "ఇనుము 40 - 15" అని ఒకచోట, "సా. 12 వేలు" అని ఇంకోచోట, "బిల్డర్ - మిగతాది పండగకు" అని మరోచోట ఉంది. నలభై వేలలో పదిహేను ఇచ్చినట్టా, ఇంకా ఇవ్వవలసినట్టా? ఏ బిల్డరు? ఏ పండగ? అన్నయ్యకు లెక్కలన్నీ నోటికి వచ్చు. ఆ లెక్కలు ఆయనతోపాటే వెళ్లిపోయాయి.

ఇవ్వవలసిన వాటి కోసం అయిదుగురు వచ్చారు. మాకు ఇవ్వవలసినవారిలో తనంతట తాను వచ్చినవారు ఒక్కరే.

మన కుటుంబాల్లో చాలామందికి ఇలాంటి వ్యాపారాలే ఆధారం. మెకానిక్ షెడ్డు, సెంట్రింగ్ సామాను, ఏసీ రిపేరు, పండ్ల వ్యాపారం, ట్రాలీ ఆటో. రెక్కల కష్టానికి లోటు లేదు. లోటు ఉన్నది కాగితం దగ్గరే. అందుకే మా ఇంటి సంగతి మీ ముందు పెడుతున్నాము.

పంపకం కంటే ముందు అప్పు

వారసత్వ వాటాలను వివరించే అన్నిసా సూరాలో వాటాల ప్రస్తావనతోపాటు ఒక షరతు పదేపదే వస్తుంది. మృతుని అప్పు, వీలునామా తీరిన తర్వాతే పంపకం. దైవప్రవక్త (స) ఒక జనాజా వద్ద మృతునికి అప్పు ఉందా అని అడిగారని, ఉందని తెలిసి నమాజు చేయించడానికి ఆగారని, ఒక సహచరుడు ఆ అప్పును తన మీద వేసుకున్న తర్వాతే చేయించారని హదీసుల్లో ఉంది. అప్పు విషయం అంత బరువైనది.

అన్నయ్యకు ముగ్గురు పిల్లలు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు అని మనందరికీ తెలుసు. కానీ దేనిలో ఎనిమిదో వంతు? అప్పు ఎంతో తేలందే ఆస్తి ఎంతో తేలదు. ఆస్తి తేలందే వదినకూ, పిల్లలకూ ఏమి వస్తుందో ఎవరూ చెప్పలేరు. పనివాళ్లలో ఒకరు, రెండు వెల్డింగ్ మెషిన్లలో ఒకటి తన సొంత డబ్బుతో కొన్నదని చెప్పారు. బిల్లు లేదు. ఉందో లేదో అని వాదించే హక్కు మాకూ లేదు. ఇచ్చేశాము. అది అతని హక్కే అయితే మంచిదే. కాకపోతే అనాథ బిడ్డల సొమ్ము మా చేతులతో పోగొట్టినట్టే. ఈ బాధ మాకు ఇప్పటికీ ఉంది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయతు అల్‌బఖరా సూరాలోని 282వది. అది అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించి, సాక్షుల గురించి. మనం దాన్ని ఎన్నిసార్లు చదివామో! రాసింది మాత్రం తక్కువ.

బండి ఎవరి పేరున ఉంది?

టాటా ఏస్ అన్నయ్య పేరున ఉంది. ఆయన పోయాక మేము దాన్ని అలాగే తిప్పాము. యజమాని మరణిస్తే 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. అలా తెలియజేస్తే మూడు నెలలపాటు వారసుడు బండిని వాడుకోవచ్చు. ఆలోపు తన పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. ఈ నియమం మాకు అయిదు నెలల తర్వాత తెలిసింది. అప్పుడే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు కూడా దాటిందని చూశాము. సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ అయిదు నెలల్లో ప్రమాదం జరగలేదు. అది అల్లాహ్ దయే తప్ప మా తెలివి కాదు. జరిగి ఉంటే బీమా సంస్థ తిరకాసు పెట్టేది, బాధితులకు జవాబు చెప్పవలసింది వదిన.

2021 నుంచి బండి రిజిస్ట్రేషన్‌లో నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. బండి ఉన్నవారు ఈ వారమే ఆ పని చూసుకోండి. అయితే నామినీ పేరు ఉన్నంత మాత్రాన మిగతా వారసుల వాటా పోదని గుర్తుంచుకోవాలి.

పన్ను మనిషితో పోదు

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. ఒక బిల్డరు బిల్లు అడిగారని అన్నయ్య నంబరు తీసుకున్నారు. ఆయన మరణించాక ఆ నంబరుపై వదిన వ్యాపారం చేయడానికి లేదు. పాతది రద్దు చేయించి, కొనసాగించేవారు కొత్తది తీసుకోవాలి. పాత బకాయి ఉంటే వారసుల దగ్గరకు వస్తుంది. నంబరు ఉన్నంతకాలం వ్యాపారం జరగని నెలకూ రిటర్ను వేయవలసిందే. వేయకపోతే రోజుల లెక్కన ఆలస్య రుసుము పెరుగుతుంది. ఆదాయపు పన్ను విషయంలోనూ అంతే. మరణించిన తేదీ వరకు ఉన్న ఆదాయానికి వారసులే రిటర్ను దాఖలు చేయాలి. అయితే వారికి సంక్రమించిన ఆస్తి మేరకే ఆ బాధ్యత.

నంబరు అందరికీ అవసరం లేదు. సేవలు చేసేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. కేవలం సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరిమితి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. రాష్ట్రం దాటి సరుకు అమ్మడం వంటి కొన్ని సందర్భాల్లో పరిమితితో పనిలేదు. ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులకు ఒక సులువైన పద్ధతి ఉంది. అర్హత ఉన్నవారు నగదు రాబడిలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతం లాభంగా చూపవచ్చు. అలా చూపినవారు మెషిన్లకు, బండికి తరుగుదల వేరుగా తీసుకోలేరు. పూర్తి లెక్కలు రాసేవారికి మామూలు మెషిన్లపై ఏటా 15 శాతం తరుగుదల వస్తుంది. అయితే ఒకే రోజు ఒకరికి పది వేలకు మించి నగదు ఇచ్చి మెషిన్ కొంటే ఆ తరుగుదల రాదు. కనుక కొనేటప్పుడే బ్యాంకు ద్వారా చెల్లించి బిల్లు అడగాలి. తమకు ఏది లాభమో ఒకసారి ఆడిటరును అడిగి తెలుసుకోవాలి.

పన్ను ఎగ్గొట్టడం తెలివి అనుకునేవారు మనలోనూ ఉన్నారు. తెల్లకాగితం మీద వ్యాపారం చేసినవాడికి రేపు బిల్డరు డబ్బు ఎగ్గొడితే చూపడానికి కాగితం ఉండదు. మా వదినకు జరిగింది అదే. ఒక గృహ సముదాయానికి చేసిన రెయిలింగుల తాలూకు డబ్బు ఇప్పటికీ రాలేదు. బిల్లు లేదు, ఒప్పందం లేదు, నోటిమాట ఒక్కటే ఉంది.

ఏమేమి రాయాలి?

పెద్ద చదువు అక్కరలేదు. నాలుగు పుస్తకాలు చాలు. మొదటిది రోజువారీ జమాఖర్చు. రెండోది అప్పుల పద్దు. రావలసినవి ఒకవైపు, ఇవ్వవలసినవి ఒకవైపు, పూర్తి పేరు, ఫోన్ నంబరు, తేదీతో. మూడోది పనిముట్ల జాబితా. ఏది ఎప్పుడు, ఎంతకు, ఎవరి డబ్బుతో కొన్నారో రాసి, బిల్లు అంటించాలి. నాలుగోది బండి పుస్తకం. బీమా, ఫిట్‌నెస్, కాలుష్య సర్టిఫికెట్ గడువులు మొదటి పేజీలోనే ఉండాలి.

ఇంటి గల్లా, షాపు గల్లా వేరు చేయండి. యజమాని కూడా నెలకు ఇంత అని జీతం తీసుకోవాలి. అప్పుడే వ్యాపారం నడుస్తోందో, మునుగుతోందో తెలుస్తుంది. రమజాన్‌లో జకాత్ లెక్కకూ ఇవే పుస్తకాలు పనికివస్తాయి. పనిచేసే మెషిన్లమీద, బండిమీద జకాత్ లేదు. అమ్మకానికి ఉన్న సరుకు, చేతిలోని నగదు, రావలసిన బాకీలు లెక్కలోకి వస్తాయి. మీ లెక్కలో సందేహం ఉంటే దగ్గరలోని ఆలిమ్‌ను అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ పుస్తకాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. శుక్రవారం భోజనాలయ్యాక అరగంట సేపు భార్యనో, కొడుకునో, కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ వారం లెక్క చదివి వినిపించండి. ఆడవాళ్లకు వ్యాపారం ఎందుకు అనవద్దు. అప్పులవాళ్లు వచ్చి తలుపు తట్టినప్పుడు లోపల ఉండేది వాళ్లే.

మా ఇంట్లో లెక్కలు తేలడానికి రెండేళ్లు పట్టింది. టాటా ఏస్ అమ్మి ఇనుము వ్యాపారి బాకీ తీర్చాము. ఇప్పుడు అన్నయ్య పెద్ద కొడుకు షాపు చూస్తున్నాడు, కూతురు పుస్తకాలు రాస్తోంది. ఆ అమ్మాయి రాసే పద్దులో మొదటి పేజీలో ఒక వరుస ఇంకా కొట్టివేయలేదు. "సా. 12 వేలు." అది ఎవరో, ఇవ్వవలసినదో, రావలసినదో మాకు తెలియదు. తెలియదు కనుక ఇవ్వవలసినదే అనుకుని వదిన ఆ పన్నెండు వేలూ ఒక కవరులో పెట్టి బీరువాలో ఉంచారు. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని చూస్తున్నాము.