దంతశుద్ధియు, ఫోనులోని బోధలును

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కోవిడ్ మహమ్మారి కారణమున దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. దంతవైద్యశాలలు పెక్కు అత్యవసర చికిత్సలకే పరిమితమయ్యెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పల్లెలలో పంటినొప్పి గలవారికి పట్టణము దూరమై, చేతిలోని ఫోను దగ్గరయ్యెను.

ఆ వీడియోలలో గింజయు తాలును కలిసియుండెను. పుక్కిలించినచో కరోనా నశించునని కొందరు బోధించిరి. మౌత్‌వాష్ ఈ వ్యాధినుండి కాపాడుననుటకు ఆధారము లేదని ప్రపంచారోగ్యసంస్థ ఆనాడే హెచ్చరించెను. ఉప్పునీరు చిగుళ్ళకు ఉపశమనము నిచ్చునే కాని మహమ్మారిని ఆపదు.

విత్తనములను సంచిమీది బొమ్మ చూచి నమ్మవలదనియు, నూరు గింజలను తడిగుడ్డలో కట్టి మొలకలు లెక్కింపవలెననియు మేము చెప్పుచుందుము. వీడియోకును అట్టి పరీక్షయే తగును. చెప్పువాడు దంతవైద్యుడా? ఎప్పుడు చెప్పెను? సరకు అమ్మజూచుచున్నాడా? లక్షమంది చూచినంత మాత్రమున అసత్యము సత్యము కానేరదు.

దినమునకు రెండుమారులు ఫ్లోరైడు పేస్టుతో, మెత్తని బ్రష్షుతో రెండేసి నిమిషములు తోముకొనుడు. బొగ్గుపొడి, ఇటుకపొడి పంటిపై పొరను అరగదీయును. ఒకరి బ్రష్షు వేరొకరు వాడరాదు. బుగ్గ వాచి జ్వరము వచ్చినచో వీడియోలు వెదకుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పొండు, ఆలస్యము ప్రాణాపాయము.